సినిమావాళ్ళ వికీ పేజీలో మూలాల తగాదా వస్తే ఎలా తేల్చుకోవాలి

"మా హీరో పేజీలో పుట్టినతేదీ సరిచేశాను, పత్రిక లింకు కూడా ఇచ్చాను. గంటలో తీసేశారు. ఇప్పుడేం చేయాలి?" తెలుగు వికీపీడియాలో సినిమావాళ్ళ పేజీలు దిద్దే నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు మారతారు గానీ గొడవ మారదు. ఒకరు లింకు ఇస్తారు, ఇంకొకరు అది చెల్లదంటారు. మొదటివాళ్ళు ఇంకో మూడు లింకులు తెస్తారు. ఆ తర్వాత మాట నటుడి మీద నుంచి మనుషుల మీదికి పోతుంది.

లింకులు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. ఆ సంగతి మొదట ఎవరు చెప్పారు, వాళ్ళకి ఎలా తెలిసింది అన్నదే లెక్క. పది సైట్లు ఒకేచోట నుంచి ఎత్తి రాసుకుంటే అవి పది మూలాలు (ఆధారాలు) కావు, ఒక్కటే. కింద చెప్పిన పనంతా ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకోవడానికే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

వికీలో ఒక ఖాతా. ఖాతా లేకుండానూ దిద్దవచ్చు గానీ తగాదాలో మీతో మాట్లాడాలంటే అవతలివాళ్ళకి మీ చర్చ పేజీ (మీకు సందేశాలు రాసే చోటు) కావాలి. ఒక నోటు పుస్తకం. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ (పాత వెబ్ పేజీల నకళ్ళు దొరికే చోటు). పాత పత్రికలు చూసే దారి ఒకటి: దగ్గర్లో గ్రంథాలయం ఉంటే అది, లేదంటే నెట్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, విజయచిత్ర సంచికలు. వీటికి తోడు కనీసం వారం రోజుల ఓపిక కావాలి. ఒక్క రాత్రిలో తేల్చేద్దామని కూర్చున్నవాళ్ళే ఎక్కువగా దిద్దుబాటు యుద్ధాల్లో (ఒకరి మార్పును ఒకరు పదేపదే తీసేసుకోవడంలో) ఇరుక్కుంటారు.

1. తగాదా ఏ వాక్యం మీదో విడదీయండి

"పేజీ అంతా తప్పులే" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ విభాగం, ఎన్నో వాక్యం, అందులో ఏ ముక్క అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక్కోసారి వాక్యంలో మూడు సంగతులుంటాయి (ఊరు, తేదీ, తండ్రి వృత్తి), ఇచ్చిన మూలంలో ఒక్కటే ఉంటుంది. మిగతా రెండూ ఆ లింకు చాటున దాక్కుంటాయి. అందుకే లింకు తెరిచి చదవండి. శీర్షిక చూసి సరిపెట్టుకోవద్దు.

2. ఆ మనిషి జీవించి ఉన్నారా?

ఉంటే నియమం వేరు. జీవించి ఉన్నవారి గురించి వివాదాస్పదమైన సంగతికి మూలం లేకపోయినా, ఉన్నది నాసిరకం మూలమైనా, చర్చ కోసం ఆగకుండా ముందు తీసేయాలి. కేసులు, విడాకులు, జబ్బులు, ప్రేమ వ్యవహారాలు, అప్పులు అన్నీ ఇందులోకే వస్తాయి. "ఆధారం చూపాలి" అని మూస (వాక్యం పక్కన కనిపించే సిద్ధంగా ఉన్న గుర్తు) తగిలించి వదిలేయడం ఇక్కడ చాలదు. మూస పెట్టినా వాక్యం అక్కడే ఉంటుంది, జనం చదువుతూనే ఉంటారు.

ఇంత కటువైన నియమం ఊరికే రాలేదు. 2005 మేలో జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడి పేజీలో, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన చెయ్యి ఉందని అనుకున్నారంటూ ఎవరో రాసిపోయారు. ఆయన రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ అబద్ధం దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తర్వాతే ఇంగ్లీషు వికీపీడియాలో జీవించి ఉన్నవారి పేజీలకు ప్రత్యేక నియమాలు గట్టిపడ్డాయి. మన నటీనటులకూ అమ్మానాన్నలున్నారు, బడికి వెళ్ళే పిల్లలున్నారు. వికీలో రాసింది వాళ్ళ స్నేహితులు చదువుతారు.

హాని లేని సంగతి అయితే (చదివిన కాలేజీ, మొదటి సినిమా) తీసేయనక్కర్లేదు. మూస పెట్టి మూడో అంచెకు వెళ్ళండి.

3. పేజీ చరిత్ర తెరవండి

చాలామంది వదిలేసే అంచె ఇదే. నా అనుభవంలో సగం తగాదాలు ఇక్కడే తేలిపోతాయి.

"చరిత్ర" నొక్కి ఆ వాక్యం మొదట ఏ రోజున చేరిందో వెతకండి. పేజీ పెద్దదైతే సంవత్సరానికొక కూర్పు (ఆ రోజున పేజీ ఎలా ఉందో చూపే నకలు) తెరిచి చూస్తూ వెనక్కి వెళ్ళండి, పదినిమిషాల్లో దొరుకుతుంది. ఆ తేదీ రాసుకోండి. తర్వాత మూలంగా ఇచ్చిన వార్త తేదీ చూడండి.

వికీలో వాక్యం 2014లో చేరి, వార్త 2019లో వచ్చి, రెండింటిలో మాటలు ఒకేలా ఉంటే ఆ వార్త మన పేజీని చూసి రాసిందే అయ్యుండవచ్చు. ఇప్పుడు మనం ఆ వార్తనే తెచ్చి "ఇదిగో ఆధారం" అంటున్నాం. పాము తన తోకను తానే మింగుతున్నట్టు.

జర్మనీలో 2009 ఫిబ్రవరిలో ఇది అందరూ చూస్తుండగా జరిగింది. కార్ల్-థియోడోర్ త్సు గుట్టెన్‌బెర్గ్ మంత్రి కాబోతున్న సమయంలో, అసలే పొడుగైన ఆయన పేరులో ఎవరో జర్మన్ వికీపీడియాలో "విల్‌హెల్మ్" అని ఇంకొకటి ఇరికించారు. పెద్ద పెద్ద పత్రికలు దాన్నే అచ్చేశాయి. వికీలో అనుమానం వచ్చి ఆధారం అడిగితే, వికీని చూసి రాసిన ఆ వార్తే ఆధారంగా వచ్చి కూర్చుంది.

నాకూ ఇది జరిగింది. ఒక సహాయనటి పుట్టిన ఊరి మీద తగాదా వస్తే, మూడు వార్తా సైట్ల లింకులు పెట్టి నేను ఒక ఊరి పక్షాన గట్టిగా వాదించాను. అవతలి వాడుకరి కొత్తవాడు, మూలాలు ఇవ్వడం తెలియదు, వాదించలేక వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు ఒక పాత సినిమా పత్రికలో ఆమె తన ఊరి గురించి స్వయంగా చెప్పిన మాట కనబడింది. అతను చెప్పిందే నిజం. నా మూడు లింకులూ మన పేజీలోంచి పుట్టినవే. అప్పటినుంచి చరిత్ర చూడకుండా ఏ మూలాన్నీ సమర్థించలేదు.

4. ఏ సంగతికి ఏ మూలమో చూడండి

"ఈ పత్రిక నమ్మదగినదా?" అన్నది సగం ప్రశ్నే. ఈ పత్రిక ఈ సంగతికి నమ్మదగినదా అని అడగాలి. సినిమా విడుదల తేదీకి మంచి మూలమైన సైటే, నటి వయసుకు పనికిరాకపోవచ్చు.

పుట్టినతేదీ. అందరికంటే ఎక్కువ కొట్లాటలు దీని మీదే. మనవాళ్ళలో పాత తరానికి బడి రికార్డు తేదీ ఒకటి, ఇంట్లో చెప్పే తేదీ ఒకటి. అభిమానులు పండగ చేసే రోజు ఒక్కోసారి మూడోది. జీవించి ఉన్నవారికైతే, వాళ్ళే స్వయంగా చెప్పిన తేదీగానీ, అనేక మంచి పత్రికల్లో ఎప్పటినుంచో ఉన్న తేదీగానీ వాడండి. అది లేకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీ ఉంచడం తప్పు కాదు. ఓటరు జాబితాలు, జనన ధ్రువపత్రాలు, కోర్టు కాగితాలు తవ్వి తేదీ తేవద్దు. వాటిలో ఇంటి చిరునామాలుంటాయి. పైగా ఆ పేరు మీ నటుడిదో, అదే పేరున్న వేరొకరిదో మీరు నిర్ధారించలేరు.

శతజయంతి లెక్కలతో జాగ్రత్త. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1923, కొన్నిచోట్ల 1924 అని కనిపిస్తుంది. 2023 సెప్టెంబరు 20న శతజయంతి వేడుకలు మొదలయ్యాయి కాబట్టి 1923 అని వాదించేవాళ్ళున్నారు. కానీ 99 నిండి నూరులో అడుగుపెట్టగానే వేడుకలు మొదలుపెట్టి ఏడాదంతా చేయడం మన దగ్గర ఉన్నదే. ఎన్టీఆర్ పుట్టింది 1923 మే 28, శతజయంతి వేడుకలు మొదలైంది 2022 మే 28న. వయసుతోనూ ఇదే చిక్కు. అక్కినేని 2014 జనవరి 22న మరణించారు. "90 ఏళ్ళు" అని రాస్తే పుట్టింది 1923 అవుతుంది, "90వ ఏట" అని రాస్తే 1924 అవుతుంది. పత్రికలో రెండో మాట మొదటిదిగా మారడానికి ఎంతో సేపు పట్టదు. కాబట్టి లెక్కగట్టి తేల్చొద్దు. సంవత్సరాన్ని సూటిగా చెప్పిన మూలమే వెతకండి.

పుట్టిన ఊరు, జిల్లా. ఊరు ఒకటే, జిల్లా పేరు మారుతూ ఉంటుంది. తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలు వచ్చాయి. కొత్త పేరు చూసి ఊహించి మార్చేవాళ్ళు చాలామంది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణా జిల్లాలోనే ఉంది. "పుట్టిన ఊరు", "స్వస్థలం", "పెరిగిన ఊరు" మూడూ వేరువేరు కావచ్చు. మూలంలో ఏ మాట ఉంటే ఆ మాటే రాయండి.

అవార్డులు. జాతీయ అవార్డుకు రెండు సంవత్సరాలుంటాయి: సినిమా ఏ సంవత్సరానిది, ప్రకటన ఎప్పుడు. అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడి పురస్కారం 2021 సినిమాలకు ఇచ్చే 69వ అవార్డుల్లో వచ్చింది. ప్రకటించింది 2023 ఆగస్టు 24న, ప్రదానం చేసింది అదే అక్టోబరులో. ఇద్దరు వాడుకరులు నిజమే చెబుతూ 2021, 2023 అంటూ ఒకరినొకరు రద్దు చేసుకోవడం నేను చూశాను. రెండూ రాసేస్తే తగాదా ఉండదు. పద్మ పురస్కారాలకు కేంద్ర హోంశాఖ ప్రకటించే జాబితా ఉంటుంది, వార్త కంటే అదే గట్టిది. ఊరూ పేరూ లేని సంస్థలు ఇచ్చే "గౌరవ డాక్టరేట్లు" మటుకు వార్త ఉన్నా సరే ఒకటికి రెండుసార్లు చూడండి.

ఎన్ని పాటలు, ఎన్ని సినిమాలు. లెక్కపెట్టిన అంకెకూ, నోటి మాటగా తిరిగే అంకెకూ తేడా ఉంది. పి. సుశీల పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వారు గుర్తించారు. అది లెక్క, ఎవరు లెక్కపెట్టారో చెప్పగలం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నలభై వేల పాటలు పాడారన్నది ఎన్నో చోట్ల కనిపిస్తుంది. దాన్ని రాయాలంటే "నలభై వేల పాటలు పాడారని ఫలానా పత్రిక రాసింది" అని రాయండి. ఆయన మీద నాకున్న ప్రేమ మీకంటే తక్కువ కాదు. ఆ గొంతుకు అంకెతో పనిలేదు.

ఆస్తి విలువ. "ఈయన ఆస్తి ఇన్ని కోట్లు" అనే సైట్లు ఏవీ పనికిరావు, ఆ అంకె ఎలా వచ్చిందో అవి చెప్పవు. ఎన్నికల్లో నిలబడిన నటులైతే నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇస్తారు. అందులోంచి నేరుగా ఎత్తకుండా, దాని మీద మంచి పత్రిక రాసిన వార్తను వాడండి.

కులం. జీవించి ఉన్నవారి కులాన్ని, వాళ్ళే బహిరంగంగా చెప్పుకుంటే తప్ప రాయకూడదు. ఇంటిపేరు చూసి ఊహించడం మూలం కాదు. ఈ ఒక్క విషయంలో నేను చర్చకు ఆగను, చూసిన వెంటనే తీసేస్తాను.

మరణవార్త. కోట శ్రీనివాసరావు చనిపోయారని 2023 మార్చిలో పుకారు పుడితే, తాను బాగానే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పాల్సి వచ్చింది. ఆయన కన్నుమూసింది 2025 జూలై 13న. "వార్తలు వస్తున్నాయి" అన్న వార్త మూలం కాదు. కుటుంబమో, ఆస్పత్రో ధ్రువీకరించారని రెండు పత్రికలు విడివిడిగా రాసేదాకా "ఉన్నారు"ను "ఉండేవారు" చేయకండి. వికీ అరగంట ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు.

ఐఎండీబీ (సినిమాల వివరాలుండే సైటు) గురించి ఎప్పుడూ అడుగుతారు. అందులో చాలా వివరాలు జనం చేర్చినవే కాబట్టి జీవిత విశేషాలకు మూలంగా వాడకండి. ఇంకో వికీపీడియా (ఇంగ్లీషుదైనా సరే) కూడా మూలం కాదు. అక్కడిచ్చిన మూలాన్ని తెరిచి చదివి దాన్ని ఇవ్వండి. నటుల సొంత ఖాతాలు, టీవీ ముఖాముఖీలు వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకున్న మామూలు సంగతులకు పనికొస్తాయి. వాళ్ళు ఇంకొకరి గురించి అన్న మాటకు పనికిరావు.

5. పాత మూలం వెతకండి

తెలుగులో గూగుల్ చేస్తే దొరకలేదంటే లేదని కాదు. యూనికోడ్ (తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనిపించే పద్ధతి) రాకముందు మన పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడాయి, ఆ వార్తలు వెతుకులాటలో రావు. స్కాన్ చేసిన సంచికల్లో అక్షరాలు బొమ్మలే. కాబట్టి పేరుతో కాకుండా తేదీతో వెతకండి. మరణం అయితే మర్నాటి పత్రిక, ఆ వారం సినిమా పేజీ చూడండి. మొదటి సినిమా అయితే విడుదలైన వారం, తర్వాతి నెల సినిమా పత్రిక. పేరును కూడా రెండు మూడు రకాలుగా రాసి చూడండి: నాగేశ్వరరావు, నాగేశ్వర రావు. ఒకే పేరున్న ఇద్దరు కలిసిపోయే ప్రమాదమూ ఉంది. మనకు తెలిసిన శ్రీకాంత్ వేరు, తమిళంలో శ్రీకాంత్‌గా, తెలుగులో శ్రీరామ్‌గా తెలిసిన నటుడు వేరు.

దొరకగానే పత్రిక పేరు, సంచిక తేదీ, పుట సంఖ్య రాసుకోండి. లింకు లేని అచ్చు మూలం చెల్లుతుంది. నెట్ మూలం అయితే ఆ రోజే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. పత్రికల సైట్లు మారినప్పుడు పాత లింకులు చచ్చిపోతాయి, తర్వాత మళ్ళీ ఇదే తగాదా మొదలవుతుంది.

6. ఆ నటుడి పేజీకి ఉన్న చర్చ పేజీలో రాయండి, ఇలా

"‘బాల్యం’ విభాగం మూడో వాక్యం గురించి. ఇచ్చిన వార్త 2019 నాటిది. ఇదే వాక్యం మన పేజీలో 2014 నుంచి ఉంది, మాటలూ ఇవే. కాబట్టి దీన్ని విడి మూలంగా తీసుకోలేమని అనుకుంటున్నాను. పాత పత్రిక ముఖాముఖిలో ఆయన వేరే ఊరు చెప్పారు. సంచిక తేదీ, పుట సంఖ్య కింద ఇస్తున్నాను. వారంలో అభ్యంతరం రాకపోతే మారుస్తాను."

ఇంతే. "మీకు తెలియదు", "మీరు ఫలానా హీరో అభిమాని" లాంటి మాటలు వద్దు. సంతకం మరవకండి. వాదిస్తున్న వాడుకరి చర్చ పేజీలో కూడా ఒక ముక్క పెట్టండి, లేకపోతే వాళ్ళు చూడరు.

ఈ వారంలో పేజీని అటూ ఇటూ తిప్పొద్దు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే ఖాతాకు నిరోధం పడవచ్చు. మన దగ్గరా నిర్వాహకులు దిద్దుబాటు యుద్ధాన్ని సహించరు. జవాబు రాకపోతే మార్చేయండి. జవాబు వచ్చి ఇద్దరికీ కుదరకపోతే రచ్చబండలో (వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో) పెట్టండి. అక్కడ తగాదా మొత్తం మళ్ళీ చెప్పకుండా, చర్చ పేజీ లింకు ఇచ్చి ప్రశ్న ఒక్క వాక్యంలో అడగండి.

7. తేలకపోతే

రెండు వైపులా సమానమైన మూలాలుంటే రెండూ రాయండి: "పుట్టిన సంవత్సరం కొన్ని మూలాల్లో 1923, కొన్నింటిలో 1924 అని ఉంది." రెండింటికీ మూలాలు ఇవ్వండి. మీకు నచ్చినది పైన పెట్టి రెండోదాన్ని అడుగున దాచకండి. ఇది ఓడిపోవడం కాదు. వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ పుట్టినరోజు మీదే ఆగస్టు 7, 8 అని రెండు మాటలున్నాయి.

మీరు ఆ నటులే అయితే, లేదా వాళ్ళ కుటుంబమైతే

మీ పేజీని మీరు నేరుగా దిద్దకండి. ఎంత న్యాయమైన దిద్దుబాటైనా అనుమానంతోనే చూస్తారు. చర్చ పేజీలో మీరెవరో చెప్పి, తప్పేమిటో రాయండి. పరువుకు నష్టం కలిగించే అబద్ధమైతే నిర్వాహకులకు వెంటనే చెప్పండి, దానికి మూలం తెమ్మని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. తేదీ, ఊరు లాంటివైతే మీ అధికారిక సైటులోనో, సొంత ఖాతాలోనో ఒకసారి స్పష్టంగా రాసి దాన్ని చూపండి. అమెరికన్ రచయిత ఫిలిప్ రాత్ తన నవలకు ప్రేరణ ఎవరన్నది సరిచేయబోతే, రచయిత మాట ఒక్కటే చాలదు, వేరే మూలం కావాలన్నారు. 2012 సెప్టెంబరులో ఆయన న్యూయార్కర్ పత్రికలో బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖే చూపించదగ్గ మూలమైంది. అంత పెద్దాయనకు అంత శ్రమ ఎందుకని మొదట నాకూ బాధేసింది. కానీ ఫోన్‌లో "నేనే ఆయన్ని" అన్నవాళ్ళందరినీ నమ్మలేం కదా.

మార్చాక సరిచూసుకోండి

తగాదా తేలి వాక్యం మార్చి వెళ్ళిపోతారు. ఆరు నెలలకు పాత తప్పే తిరిగొస్తుంది. ఎందుకంటే అది ఇంకో నాలుగు చోట్ల మిగిలే ఉంది. కుడివైపు సమాచారపెట్టె చూడండి. మొదటి వాక్యంలో బ్రాకెట్లలోని తేదీ చూడండి. పేజీ అడుగున వర్గం చూడండి: పుట్టిన సంవత్సరం మార్చి "1923 జననాలు" అలాగే ఉంచితే, వచ్చే వాడుకరి దాన్ని చూసి మళ్ళీ వెనక్కి మారుస్తాడు. వికీడేటాలోనూ (అన్ని భాషల వికీలకూ ఉమ్మడిగా ఉన్న వివరాల గిడ్డంగి) మార్చి మూలం చేర్చండి, మిగతా భాషల పేజీలకు తప్పు అక్కడి నుంచే పాకుతుంది. పుట్టినరోజుల జాబితా ఉండే తేదీ పేజీ కూడా ఉంటుంది, "సెప్టెంబరు 20" లాంటిది. అది చివరగా తెరిచి, ఆ పేరు పక్కన ఏ సంవత్సరం ఉందో చూసి దిద్దండి. ఆ తర్వాత పేజీని మీ వీక్షణ జాబితాలో (మార్పులు గమనించడానికి పెట్టుకునే జాబితాలో) చేర్చుకోండి.